సలోమి టీచరుగారి మట్టిబిళ్ళలు

కిందటి వారం నల్లపాడులో మా వీధి చివరి దర్జీ కొట్టు ముందు నిలబడి నా వంతు కోసం చూస్తున్నాను. దర్జీ మిషను తలను వెనక్కి వాల్చి, చిన్న ప్లాస్టిక్ డబ్బా ముక్కుతో చుక్కచుక్కగా నూనె పోస్తున్నాడు. నీళ్ళలా తేటగా ఉండే నూనె. కిరసనాయిలు కాదు, వంటనూనె కాదు, రెండింటి మధ్య ఎక్కడో ఉండే పలచటి వాసన. అది ముక్కుకు తగలగానే నా కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద గుండ్రంగా తిరగసాగింది, కనబడని బిళ్ళనేదో తుడుస్తున్నట్టు. "ఏంటి మేడమ్, చెయ్యి నొప్పా?" అన్నాడు దర్జీ. కాదన్నాను. సలోమి టీచరుగారు పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ గురించి నేను తడుముకోకుండా చెప్పగలిగే మాట ఒక్కటే: నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడ. మిగిలినదంతా ఇప్పటికీ నా బుర్రలో చిక్కుపడిన దారంలాగే ఉంది. మొదలు ఎక్కడుందో తెలియక చాలాసార్లు పట్టుకుని వదిలేశాను.

నా మొదటి ఉద్యోగం దర్శికి ఆరేడు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో, చర్చివాళ్ళు నడిపే ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. చర్చి బడిలో ఉద్యోగమేమిటని బంధువుల్లో కొందరు మూతి తిప్పారు. నాన్నగారు మాత్రం "బడి బడే కదమ్మా, వెళ్ళి చేరు" అన్నారు. బళ్ళు తెరవడానికి రెండు రోజుల ముందు, కాగితాలు పట్టుకుని భయంభయంగా వెళ్ళాను. వరండాలో చాప మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి నేత చీర, బిగించి ముడేసిన నెరసిన జుట్టు. ఆవిడ ముందు రెండు బేసిన్లు, ఒక పాత టేకు పెట్టె, పరిచిన తుండుగుడ్డ మీద వరసలుగా అంచుల మీద నిలబెట్టిన గుండ్రటి బిళ్ళలు. తెల్లవి, ఎర్రవి, నీలంవి. రూపాయి బిళ్ళ కన్నా పెద్దవి, కాస్త మందంగా ఉన్నాయి, నడిమధ్య గుర్రం తల ముద్ర. నన్ను చూసి పేరు కూడా అడగలేదు.

"చేతులు ఖాళీగానే ఉన్నయ్ గదా, రా అమ్మాయ్, కూర్చో" అని ఒక పాత పళ్ళబ్రష్షు చేతికిచ్చింది.

అలా కాగితాలు పక్కన పెట్టి కూర్చున్నాను. పని తీరు ఆవిడ మాటల్లో కంటే చేతుల్లోనే ఎక్కువ చెప్పింది. బిళ్ళలను నీళ్ళలో నానబెట్టకూడదు, మట్టివి కాబట్టి నీళ్ళు తాగి సున్నంలా అయిపోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు కలిపి, ఒక్కొక్క బిళ్ళనే ముంచి, గుర్రం మెడ దగ్గరి గీతల్లో చేరిన మట్టిని బ్రష్షుతో మెల్లగా తీయాలి. వెంటనే గుడ్డతో ఒత్తాలి. ఎండలో పెట్టకూడదు, నీడలో నిలబెట్టాలి. ఆరాక అవి బూడిద పూసినట్టు వెలవెలబోయేవి. అప్పుడు దూది మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి రుద్దితే, ఎరుపు ఎరుపై, నీలం నీలమై, రంగు ఆ బిళ్ళ లోపలినుంచి పైకి వచ్చేది. మర్నాడు పొడిగుడ్డతో జిడ్డు తుడిచి పెట్టెలో సర్దాలి. ఆ దూది కూడా కొన్నది కాదు. పిల్లల తల్లులు పత్తి తీతకు వెళ్ళి వచ్చేటప్పుడు కొంగున ముడేసి తెచ్చిచ్చేది.

మర్నాడు నేను తెలివి చూపించబోయి ఇంటినుంచి కొబ్బరినూనె సీసా పట్టుకెళ్ళాను. ఆవిడ మూత తీసి వాసన చూసి పక్కన పెట్టింది.

"ఇది తలకు పెట్టుకో. బిళ్ళలకు పెడితే చీమలు చేరతయ్, వారానికల్లా కంపు కొడతయ్."

"ఇవి దేనికండీ టీచరుగారూ?" అని అప్పుడు అడిగాను.

"లెక్కలకు. ఇంకెందుకు?" అంది.

నిజంగానే లెక్కలకే. తెల్లది ఒకటి, ఎర్రది పది, నీలంది వంద. పది తెల్లవి పోగేసి తెస్తే టీచరుగారు ఒక ఎర్రది ఇస్తుంది. ఒకటో తరగతి పిల్లలు కూడా స్థానాలంటే ఏమిటో ఆ మార్పిడిలో పట్టేసేవారు. చింతగింజలతో చెప్పొచ్చు కదా అని ఒకసారి అన్నాను. "చింతగింజ ఎగిరిపోద్ది. ఇది పెట్టిన కాడ కూర్చుంటది. బరువుంటే పిల్లకు నమ్మకం" అంది. కోటేశ్వరి అని ఒక పిల్ల ఉండేది. ఏడాది తిరిగినా తొమ్మిది తర్వాత ఏమొస్తుందో చెప్పలేకపోయేది. టీచరుగారు ఆ పిల్ల కుడిచేతిలో పది తెల్లబిళ్ళలూ ఎడమచేతిలో ఒక ఎర్రబిళ్ళా పెట్టి కళ్ళు మూసుకోమంది. "ఏ చెయ్యి ఎక్కువ?" కోటేశ్వరి చాలాసేపు ఆలోచించి, "చెయ్యేమో ఇదండీ. లెక్కేమో రెండూ ఒకటేనండీ" అంది. టీచరుగారు నావైపు తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. నేనేదో పెద్ద పరీక్ష పాసైనంత సంతోషమేసింది.

ఆ బిళ్ళలను అన్నిసార్లు కడగడానికి వేరే కారణం కూడా ఉంది. మాఘం వచ్చేసరికి ఆ ఊరి చుట్టూ మిరప కల్లాలే. పిల్లలు పొద్దున కాయలు ఏరి, చేతులు కడిగామనుకుని బడికొచ్చేవారు. వాళ్ళ వేళ్ళ ఘాటు బిళ్ళలకు అంటేది. ఆ బిళ్ళలు పట్టుకున్న ఇంకో పిల్ల కళ్ళు నలుపుకుంటే తరగతంతా ఏడుపులు. అందుకే ఆ రెండు నెలలూ ప్రతి శనివారం మధ్యాహ్నం మేమిద్దరం వరండాలో కూర్చుని కడిగేవాళ్ళం. పాఠం ఎలా మొదలుపెట్టాలి, పిల్ల తప్పు చెబితే ఎంతసేపు ఆగాలి, అరవకుండా తరగతిని ఎలా నిలపాలి, అన్నీ నేను ఆ శనివారాల్లోనే నేర్చుకున్నాను. శిక్షణ కాలేజీలో రెండేళ్ళు చదివింది ఆ చాప మీద నాకు అర్థమైంది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బడి, చర్చి, రెండే ఆవిడ లోకం. ఆదివారాలు స్త్రీల కూడికలో మాట్లాడేది. సారా, పేకాట, ఈ రెండింటి మీద ఆవిడకున్న కోపం ఊరంతా ఎరుగును. ఒకరోజు బడి ప్రహరీ వెనక నలుగురు మగవాళ్ళు కూర్చుని పేక వేస్తుంటే, పాఠం మధ్యలో సుద్దముక్క నాకిచ్చి వెళ్ళింది. గోడ మీదుగా ఆవిడ గొంతు మా తరగతి దాకా వినబడింది. "ఒరేయ్ యేసోబూ, నీ కూతురికి నేను పదోఎక్కం చెప్తన్నా. నువ్వేమో గోడకివతల ఈ పాడు ముక్కలు పంచుతన్నవా? లే ముందు!" ఆ పేకలను కొంగులో వేసుకుని వచ్చి, మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలో పడేసింది. అటువంటి మనిషి.

ఈలోగా నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. మా ఆయన సహకార సంఘంలో గుమాస్తా. మంచివాడే. పాపకు నాలుగో ఏడు వచ్చేసరికి ఫోనులో పడ్డాడు. అన్నం ముందు పెడితే చల్లారిపోయేది. పాప జ్వరంతో మూలుగుతుంటే పక్కనే ఉండి కూడా వినేవాడు కాదు. ఏమిటది అంటే "ఊరికే ఆట" అనేవాడు. ఆఫీసులోనూ అదే పనని నాకు బయటివాళ్ళ ద్వారా తెలిసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని ఆడుతుంటే, అప్పుడప్పుడు శనివారాలు నాతో బడికొచ్చే పాప ఆయన భుజం మీద గడ్డం ఆనించి చూస్తూ ఒక్కసారి అరిచింది.

"అమ్మా! నాన్న ఫోన్లో మీ టీచర్ బిళ్ళలు!"

వెళ్ళి చూశాను. ఆకుపచ్చ బల్ల, దాని మీద పేకముక్కలు, పక్కన పోగులు పోగులుగా గుండ్రటి బిళ్ళలు. తెలుపు, ఎరుపు, నీలం. గుర్రం తల లేదంతే.

"ఇవేంటి?" అన్నాను.

"చిప్స్. పందెంలో డబ్బుకు బదులు పెడతారు" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ పూట నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. కోపమా, సిగ్గా, మోసపోయానన్న బాధా, ఏది ముందు వచ్చిందో తెలియదు. నా ఇంటిని తింటున్న వస్తువుకే నేను అన్నేళ్ళుగా శనివారాలు కూర్చుని నూనె రాశానన్నమాట. పేకలను పొయ్యిలో వేసిన మనిషే నా చేత రాయించింది. ఆవిడకు తెలిసే చేసిందా? తెలిస్తే ఆ కోపమంతా నటనా? తెలియకపోతే, అంత తెలివిగల మనిషికి తెలియకపోవడమేమిటి? సోమవారం బడికి వెళ్ళాను. ఆవిడ ఎదురుపడింది, "పాపకు జ్వరం తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. అంతే, అడగలేకపోయాను.

అదే వారం గురువారం నాడు బడిని చూసుకునే కరస్పాండెంటుగారు తనిఖీకి వచ్చారు. రెండో తరగతి పిల్లలు బిళ్ళలతో కూడికలు చేసి చూపించారు. ఆయనకు ముచ్చటేసి ఒక ఎర్రబిళ్ళ చేతిలోకి తీసుకుని, "ఇవి చాలా బాగున్నాయమ్మా. ఎక్కడివి?" అని నన్ను అడిగారు. టీచరుగారు అప్పుడు పక్క గదిలో ఉంది. తెలియదని చెబితే సరిపోయేది. ఆవిడను అడగండి అన్నా సరిపోయేది.

"అవి జూదం ఆడే బిళ్ళలండీ" అన్నాను.

ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన మీద అరవలేనిది అక్కడ అరిచానేమో. ఆయన ఆ బిళ్ళను వేడిది పట్టుకున్నట్టు బల్ల మీద వదిలేశారు. పిల్లల చేతికి ఇటువంటివా, చర్చి బడిలోనా అన్నారు. టీచరుగారిని పిలిపించారు. తలుపు వేసుకుని మాట్లాడారు. వచ్చే సోమవారం బడి ఆవరణలోని పాడుబావిని పూడ్చడానికి మనుషులు వస్తారనీ, పెట్టెతో సహా అందులో వేసేయమనీ చెప్పి వెళ్ళిపోయారు. గదిలోంచి బయటికొచ్చిన ఆవిడ ముఖంలో నాకేమీ దొరకలేదు. గంట కొట్టించి, మూడో తరగతిలోకి వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక నేనూ సంచి సర్దుకుంటున్నాను. వరండాలోంచి పిలుపు.

"లలితా, రా. నీళ్ళు చల్లారిపోతన్నయ్."

చాప పరిచి ఉంది. రెండు బేసిన్లు, పెట్టె, తుండుగుడ్డ. కూర్చుని బ్రష్షు తీసుకున్నాను. నలభై, యాభై బిళ్ళలు కడిగేసరికి ముందు కడిగినవి ఆరాయి, ఆవిడ నూనె దూది అందుకుంది. ఇక ఉండబట్టలేక అన్నాను.

"ఆయనకు చెప్పింది నేనేనండీ."

"తెలుసులేమ్మా. ఇంకెవరున్నారు ఆ గదిలో?"

"ఇవేమిటో మీకు ముందే తెలుసా అండీ?"

ఆవిడ చేతిలోని దూది ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తిరగసాగింది. ఆ తర్వాత చెప్పింది. వాళ్ళ నాన్న పొగాకు కంపెనీ బంగళాలో వంటవాడట. సాయంత్రాలు దొరలు బల్ల చుట్టూ కూర్చుని ఆడుతుంటే తెల్లకోటు వేసుకుని పళ్ళెం పట్టుకుని వెనక నిలబడేవాడట. తెల్లారాక పొగచూరిన బిళ్ళలను కడిగి నూనె రాయడం కూడా ఆయన పనేనట. దొరసాని వెళ్ళిపోతూ ఆ పెట్టె ఆయనకు ఇచ్చిందట. "వాటితోనే నాకు అంకెలు నేర్పాడు. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే" అంది.

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవిడ గుచ్చాలని అనలేదు. ఇంకో బిళ్ళ నీళ్ళలో ముంచుతూ, "ఎల్లుండి బావిలో వేసేవాటిని ఇప్పుడు కడగడమెందుకండీ?" అన్నాను.

"మిరప ఘాటుంది గదమ్మా. మోసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటే?"

కడగడానికి అది సరైన జవాబే. నూనె ఎందుకని మాత్రం నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చివరి బిళ్ళ దాకా నూనె రాశాం. మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ ఒక్కతే బడికి వచ్చి జిడ్డు తుడిచిందని కాపలా మనిషి చెప్పాడు. సోమవారం ఇద్దరు మనుషులు పెట్టెను మోసుకెళ్ళారు. మట్టి బండిని బావిలోకి ఒంపిన చప్పుడు వినబడినప్పుడు ఆవిడ ఒకటో తరగతిలో ఉంది. పిల్లల ముందు చింతగింజలు ఉన్నాయి. "టీచర్, బిళ్ళలేయి?" అని ఎవరో అడిగారు. "అయిపోయినయ్. గింజలు తియ్, ఏడు లెక్కపెట్టు" అంది. గొంతులో ఏ తేడా లేదు. నేను కిటికీ బయట నిలబడి, తేడా కోసమే విన్నాను.

ఏడాదిన్నర తర్వాత ఆవిడ పదవీ విరమణ చేసింది. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. బడి వదిలి వెళ్ళేముందు తన హాజరు పట్టీ, గంట, బీరువా తాళాలు నాకే అప్పగించింది. పని మానేసి ఫోనులో ఆడుతున్నాడని మా ఆయనను ఆఫీసులో సస్పెండు చేశారు. ఆ దెబ్బకు ఫోను తీసి చెల్లెలి ఇంట్లో పెట్టి వచ్చాడు. ఇప్పుడు గుంటూరులో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాడు, ఆట వైపు వెళ్ళడం లేదు. అందులో నా ప్రతాపమేమీ లేదు. బిళ్ళలు బావిలో వేసినందువల్ల అయితే అసలే కాదు.

టీచరుగారు పోయాక ఒంగోలులో ఆవిడ చెల్లెలు దయమణిగారి ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థనయ్యాక నేను వంటింటి గుమ్మంలో కూర్చుని, వాళ్ళ నాన్నగారి గురించి, బంగళా గురించి రెండు మంచి మాటలు చెప్పబోయాను. దయమణిగారు టీ వడకట్టడం ఆపి నన్ను వింతగా చూసింది.

"మా నాన్న బంగళాలో వంటవాడా? నీకెవరు చెప్పారమ్మా? ఆయన పొగాకు కాల్చే బ్యారన్ కాడ పొయ్యికి మంటేసేవాడు. బంగళా గడప తొక్కనిస్తే గదా."

"మరి ఆ పెట్టె?"

"అక్కకు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు కంపెనీవాళ్ళు పాత సామాను వేలం వేశారు. పెట్టె నున్నగా బాగుందని కొనుక్కుంది. ఇంటికొచ్చి తెరిస్తే బిళ్ళలు. ఇయ్యేందే అంటే, దొరల పిల్లలు ఆడుకునేవి కాబోలు అంది."

"నూనె రాయడం ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? వెలిసిపోతున్నయ్ అని ఏదేదో పూసి చూసింది. ముందు కొబ్బరినూనె పూస్తే ఇల్లంతా చీమలు." నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "ఏమో తల్లీ, అప్పుడు నాకు పదేళ్ళు. నాకు తెలియని సంగతి నాన్న అక్కకేమన్నా చెప్పాడేమో కూడా."

ఒంగోలునుంచి బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఇదే ఆలోచన. చెల్లెలికి గుర్తున్నది తప్పయితే, టీచరుగారు అన్నీ తెలిసే ఆ బిళ్ళలను బడికి తెచ్చింది. వాటిని జూదానివిగా కాక నాన్న అంకెలు నేర్పినవిగా చూసింది, ఆ చూపును నేను ఒక్క మాటతో చెరిపేశాను. చెల్లెలు చెప్పినదే నిజమైతే, అవి జూదం బిళ్ళలని ఆవిడకు మొదటిసారి తెలిసింది ఆ మూసిన తలుపు వెనకే, నా మాటవల్లే. అన్నేళ్ళు పిల్లల చేతుల్లో తాను పెట్టినవి అవేనని ఆ ముసలితనంలో తెలుసుకుని, మూడో రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక నాన్ననీ, ఒక బంగళానీ, ఒక తెల్లకోటునీ అల్లి చెప్పింది. తన సిగ్గు దాచుకోవడానికా? నేను ఎంత పని చేశానో నాకు తెలియకుండా ఉండడానికా? ఆగిన ఆ దూది ముక్క గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. ఒక రోజు అది పాత జ్ఞాపకం తగిలి ఆగినట్టుంటుంది. ఇంకో రోజు అబద్ధం వెతుక్కోవడానికి ఆగినట్టుంటుంది.

నేనిప్పుడు గుంటూరు దగ్గర ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. ఈ మధ్య ఒక కొత్త టీచరు గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తోటి టీచరు మీద ఏదో చెప్పబోయింది. "ఆవిడను అడిగావా?" అన్నాను. లేదంది. "పద, ఇద్దరం వెళ్ళి అడుగుదాం" అని లేచాను. ఆ పిల్ల కంగారుపడింది. నాకున్న కంగారు ఆ పిల్లకు కనబడలేదు. ఒక సోమవారం నుంచి కరస్పాండెంటుగారు వచ్చిన రోజు దాకా, పక్క గదిలో సుద్దముక్క పట్టుకుని పాఠం చెబుతున్న మనిషిని నేను అడగవలసిన మాట ఒకటుండేది. నేను అడిగి ఉంటే ఆవిడ ఏం చెప్పేదో ఎప్పటికీ తెలియదు. అడగని ఆ నాలుగు రోజులు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి.